ఫిజిక్స్ పీహెచ్‌డీకి ముంబైయా, జపానా, కొరియానా? నెలాఖరులోగా చెప్పాలి

రాజోలు_అమ్మాయి
ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. డిగ్రీ అమలాపురంలో ఎంపీసీ, ఎమ్మెస్సీ కూడా మన గోదావరి జిల్లాల్లోనే చేశాను. సూపర్‌కండక్టర్ల మీద, అంటే బాగా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారే పదార్థాల మీద, ప్రయోగాలు చేయాలని ఉంది. థియరీ కాదు, చేత్తో శాంపిల్ తయారుచేసి, చల్లబరిచి, కొలిచే పని. ఇప్పుడు మూడు దారులున్నాయి. ఒకటి, ముంబై టీఐఎఫ్‌ఆర్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) రాత పరీక్ష, ఇంటర్వ్యూ అయ్యి సీటు వచ్చింది, నెలాఖరులోగా ఒప్పుకుంటున్నానో లేదో చెప్పాలి. రెండు, టోక్యో యూనివర్సిటీ కషివా క్యాంపస్‌లో ఒక ప్రొఫెసర్ నన్ను తీసుకుంటానన్నారు, యూనివర్సిటీ వాళ్లు జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్‌కి నా పేరు పంపారు, కానీ ఫైనల్ రిజల్ట్ జూన్‌లో గానీ రాదు. మూడు, కొరియాలో కైస్ట్ అనే సైన్స్ యూనివర్సిటీకి అప్లై చేశాను, అదీ ఇంకా తేలలేదు.
నాన్నగారిది కొబ్బరి తోట. ఇంట్లోంచి ఒక్క రూపాయి కూడా అడగలేను, అడగను. అమ్మకి జపాన్ అంటే భూకంపాలు, కొరియా అంటే యుద్ధం, ముంబై అంటే లోకల్ ట్రైన్లు. అందరూ తలో మాట చెబుతున్నారు గానీ ఫిజిక్స్ తెలిసినవాళ్లు ఒక్కరూ చెప్పడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

భీమవరం_బాబి
జపాన్ వస్తే ఇంకా ఆలోచన ఏంటి! కళ్లు మూసుకుని వెళ్లిపో.

మండపేట_మావయ్య
అమ్మా, ఎమ్మెస్సీ ఫిజిక్స్ అంటే లెక్కలు బాగా వచ్చినట్టే కదా. ఆర్నెల్లు డేటా సైన్స్ కోర్సు చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకో. మా అన్నయ్య కొడుకు అలాగే సెటిలయ్యాడు. పీహెచ్‌డీ అంటే అయిదారేళ్లు, బయటికొచ్చాక ఏం చేస్తావు?

సుకుబా_తెలుగువాడు
మావయ్యగారూ, ఆ పిల్ల ఉద్యోగం గురించి అడగలేదండి, సూపర్‌కండక్టర్ల గురించి అడిగింది.
రాజోలు చెల్లీ, నేను జపాన్‌లో సుకుబాలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాది మెటీరియల్స్. జపాన్ గురించి నాకు తెలిసింది చెబుతాను. నీ సబ్జెక్టుకి ఈ దేశం చిన్నది కాదు. మెగ్నీషియం డైబోరైడ్ 39 కెల్విన్ (సుమారు మైనస్ 234 డిగ్రీల సెల్సియస్) దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని 2001లో బయటపెట్టింది ఇక్కడి అకిమిట్సు గ్రూపు. ఇనుముతో చేసిన సూపర్‌కండక్టర్లలో 26 కెల్విన్ సంగతి 2008లో హోసోనో గ్రూపు చెప్పింది. నువ్వు చెప్పిన కషివాలోనే ఐఎస్ఎస్‌పీ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ సాలిడ్ స్టేట్ ఫిజిక్స్) ఉంది, 2018లో 1,200 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) అయస్కాంత క్షేత్రం పుట్టించారు, ల్యాబ్ గోడల మధ్య అంత ఫీల్డ్ అప్పటిదాకా ఎవరూ చూడలేదు.
డబ్బు విషయం. మెక్స్ట్‌లో డాక్టరల్ వాళ్లకి నెలకి 1,45,000 యెన్లు, అంటే మన రూపాయల్లో ఎనభై వేలకి కాస్త అటూ ఇటూ. ఫీజు ఉండదు, విమానం టికెట్ వాళ్లే ఇస్తారు. సొంతంగా కట్టుకునేవాళ్లయితే జాతీయ యూనివర్సిటీల్లో ఏడాదికి 5,35,800 యెన్లు మామూలు ఫీజు. కాబట్టి మెక్స్ట్ రాకపోతే ఈ దారి నీకు దాదాపు మూసుకున్నట్టే, అది మనసులో పెట్టుకో.
ఇంకోటి, నీకు వచ్చిన కాగితం జాగ్రత్తగా చదువు. డైరెక్ట్‌గా డాక్టరల్ స్టూడెంట్‌గా తీసుకుంటున్నారా, లేక ముందు రీసెర్చ్ స్టూడెంట్‌గా తీసుకుని ఆరు నెలలో ఏడాదో ఉంచి ఎంట్రన్స్ పెడతారా? రెండూ ఒకటి కాదు. ఎంట్రన్స్ తప్పితే కథ వేరు.
ఇంకా ముఖ్యమైనది, ఆ ప్రొఫెసర్ వయసెంత? ఇక్కడ ల్యాబ్ అంటే ప్రొఫెసరే. టోక్యో యూనివర్సిటీలో 65కి రిటైర్ అవుతారు. ఆయన వెళ్లిపోతే ల్యాబ్ సర్దేస్తారు.

పాలకొల్లు_పరమాణువు
1,200 టెస్లా నిజమే గానీ అది మైక్రోసెకన్ల లెక్కలో ఉండే ఫీల్డ్, కొలతతోపాటే కాయిల్ పేలిపోతుంది. రోజూ చేసే పనికి అంత ఫీల్డ్ అక్కర్లేదు. అది చూసి ల్యాబ్ ఎంచుకోకండి.

సుకుబా_తెలుగువాడు
పరమాణువు గారు చెప్పింది కరెక్టే. నేను చెప్పేది అక్కడ ఉన్న పరికరాల స్థాయి గురించి.

కొలాబా_నుంచి
టీఐఎఫ్‌ఆర్‌లో చదివాను, మాది అత్తిలి దగ్గర. మొదట ఒక్క మాట. జపాన్ వస్తే ముంబై ఎందుకు అన్నట్టు బాబి రాసింది చదివి బాధేసింది. నీ సబ్జెక్టులోనే చెబుతాను. 1994లో ఇట్రియం, నికెల్, బోరాన్, కార్బన్ కలిసిన పదార్థాల్లో సూపర్‌కండక్టివిటీని టీఐఎఫ్‌ఆర్ వాళ్లే చూపించారు, ఆ బోరోకార్బైడ్ల మీద తర్వాత ప్రపంచమంతా పనిచేసింది. బిస్మత్ సంగతి తెలుసా? మామూలు పీడనంలో బిస్మత్ స్ఫటికం 0.53 మిల్లీకెల్విన్ దగ్గర సూపర్‌కండక్టర్ అవుతుందని కనుక్కున్నదీ అక్కడే. మిల్లీకెల్విన్ అమ్మా, కెల్విన్ కాదు, అందులో వెయ్యో వంతు. అంత చలిని తెచ్చి, నిలబెట్టి, కొలవగలిగిన చోటు నీకు చిన్నదిగా కనిపిస్తోందా?
ఇక చదువు పద్ధతి. ఇక్కడ మొదటి ఏడాది కోర్సులు ఉంటాయి. క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్, అన్నీ మళ్లీ మొదట్నుంచి, మన యూనివర్సిటీల్లో నోట్సులు బట్టీపట్టి రాసిన పరీక్షల్లా కాదు, ప్రాబ్లమ్ ఇస్తే రాత్రంతా కూర్చోవాలి. ప్రాజెక్టులు చేస్తూ ఏ ల్యాబ్ ఎలా ఉందో చూసుకుని ఆ తర్వాత గైడ్‌ని ఎంచుకోవచ్చు. జపాన్‌లో మొదటి రోజు నుంచీ ఒకే ల్యాబ్, ఒకే ప్రొఫెసర్. డిగ్రీలో, ఎమ్మెస్సీలో నీ పునాది ఎంత గట్టిగా పడిందో నీకే తెలుసు. నాది అంత గట్టిగా లేదు, ఆ ఏడాది కోర్సులే నన్ను నిలబెట్టాయి.
ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000. టీఐఎఫ్‌ఆర్ ఉన్న కొలాబాలో బయట అద్దెకి ఉండాలంటే ఆ డబ్బు ఏ మూలకీ రాదు, కానీ హాస్టల్ క్యాంపస్‌లోనే, సముద్రం పక్కన. మీ అమ్మగారికి లోకల్ ట్రైన్ భయం అక్కర్లేదు, ల్యాబ్‌కి నడిచి వెళ్లొచ్చు.

భీమవరం_బాబి
అన్నా బాధపడకు, బిస్మత్ సంగతి నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది.

నర్సాపురం_లేసు
కొణార్క్ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో ఎక్కితే తిన్నగా ముంబైలో దిగుతుంది. సంక్రాంతికి ఇంటికి రావచ్చు. ఇది చిన్న విషయం కాదు, పీహెచ్‌డీ మూడో ఏట అర్థమవుతుంది.

రాజోలు_అమ్మాయి
సుకుబా అన్నయ్యా, కాగితం మళ్లీ చదివాను. అక్టోబర్ నుంచి రీసెర్చ్ స్టూడెంట్ అని ఉంది, ఎంట్రన్స్ పాసైతే ఏప్రిల్‌లో డాక్టరల్‌లో చేరడం అట. ప్రొఫెసర్ గారి వయసు అడగడం ఎలా? మర్యాదగా ఉంటుందా?
కొలాబా అన్నయ్యా, మీరు పునాది అన్న మాట నాకు సూటిగా తగిలింది. శాంపిల్‌ని అతి చల్లగా చేసే ద్రవ హీలియం గురించి మా ఎమ్మెస్సీలో పుస్తకంలో చదివామే తప్ప ఎవరూ చూడలేదు. నా ప్రాజెక్టు కూడా గది ఉష్ణోగ్రతలోనే.

సుకుబా_తెలుగువాడు
వయసు అడగక్కర్లేదు. ఆయన సీవీలో డిగ్రీ ఏ సంవత్సరం వచ్చిందో ఉంటుంది, లెక్కేసుకో. లేదా ల్యాబ్ వెబ్‌సైట్‌లో స్టూడెంట్స్ పేర్లుంటాయి, ఒకరికి మెయిల్ పెట్టు. ఈ మధ్య కొత్త స్టూడెంట్స్‌ని చేర్చుకున్నారా అని అడిగితే వాళ్లే చెప్పేస్తారు.

డేజాన్_డైరీ
కొరియా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. కైస్ట్‌లో కోర్సులు ఇంగ్లిష్‌లో ఉంటాయి, ఆ విషయంలో ఇబ్బంది లేదు. కానీ ల్యాబ్‌లో ఇద్దరు కొరియన్లు మాట్లాడుకునేది కొరియన్‌లోనే, ప్రాజెక్టు రిపోర్టులు కొరియన్‌లోనే, పరికరం మీద అంటించిన జాగ్రత్తల కాగితం కూడా కొరియన్‌లోనే. నేర్చుకుంటే ఆనందం, నేర్చుకోకపోతే ఒంటరితనం. జీకేఎస్ అనే గవర్నమెంట్ స్కాలర్‌షిప్‌లో వస్తే ముందు ఒక ఏడాది భాష నేర్పిస్తారు, నువ్వు నేరుగా కైస్ట్‌కి అప్లై చేశావు కాబట్టి ఆ ఏడాది నీకు ఉండదు.
స్టైపెండ్‌లో కొంత ఇన్‌స్టిట్యూట్ ఇస్తుంది, మిగతాది ప్రొఫెసర్ తన ప్రాజెక్టుల్లోంచి ఇస్తారు. ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ చాలా తేడా. మొత్తం కలిపి నెలకి ఎంత వస్తుందో ప్రొఫెసర్‌ని సూటిగా అడుగు, ఇక్కడ దాన్ని తప్పుగా తీసుకోరు. ఎక్స్‌రేలతో స్ఫటికాలు చూసే పని అయితే పోహాంగ్‌లో సింక్రోట్రాన్ అనే, బలమైన ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రం ఉంది, అది ఈ దేశానికి పెద్ద బలం. నీది కొలతల పని అంటున్నావు, కాబట్టి మిగతా రెండింటి కంటే కొరియాని ముందు పెట్టమని నేను చెప్పను. నేనిక్కడ సంతోషంగానే ఉన్నాను, అయినా చెప్పను.

మండపేట_మావయ్య
సంతోషంగా ఉండీ వద్దంటున్నాడు, ఈ అబ్బాయి మాట నమ్మొచ్చమ్మా.

తణుకు_ఫిజిక్స్_మాస్టారు
ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మావయ్యగారు మొదట్లో అన్న మాటకి జవాబు చెప్పాలనిపించింది. భీమవరం పక్కన గొరగనమూడి ఉంది. అక్కడ 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యాసం తీసుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. వేదాంతం చెప్పడానికి యూరప్ వెళ్లి, అక్కడ ఫిజిక్స్ మీద మనసు పడి, ప్రాగ్ చార్లెస్ యూనివర్సిటీలో ఎక్స్‌రేల మీద డాక్టరేట్ చేశారు. తర్వాత లివర్‌పూల్, మిషిగన్. ఆయన అక్కడే ఉండిపోలేదు, విశాఖ వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ ల్యాబ్ నిలబెట్టారు, అక్కడి ల్యాబ్‌కి ఇప్పటికీ ఆయన పేరే. మన వరిచేల మధ్య నుంచి ఒక సన్యాసి ఆ రోజుల్లో వెళ్లి చేయగలిగితే, మెయిల్ కొడితే టోక్యో ప్రొఫెసర్ జవాబిచ్చే ఈ రోజుల్లో ఈ అమ్మాయి ఎందుకు చేయలేదు? మావయ్యగారూ, కోపం వద్దు, క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకరిద్దరు పిల్లల కళ్లు వెలిగేవి, అవి చూశాను కాబట్టి రాస్తున్నాను.

మండపేట_మావయ్య
కోపమెందుకు మాస్టారూ. గొరగనమూడి మా పెద్దమ్మ గారి ఊరు, ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

కాకినాడ_కుర్రోడు
మధ్యలో దూరుతున్నాను, నేను బీఎస్సీ రెండో సంవత్సరం, మూడేళ్ల కోర్సు. ఎమ్మెస్సీ లేకుండా జపాన్ వెళ్లొచ్చా?

సుకుబా_తెలుగువాడు
తమ్ముడూ, అక్కడే తిరకాసు. మాస్టర్స్‌లో చేరాలంటే జపాన్ వాళ్లు సాధారణంగా 16 ఏళ్ల చదువు అడుగుతారు. మనకి పది, ఇంటర్ రెండు, డిగ్రీ మూడు, మొత్తం 15. కొన్ని యూనివర్సిటీలు విడిగా అర్హత పరిశీలించి ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. అప్లికేషన్ పెట్టకముందే ఆఫీసుకి రాసి జవాబు తెచ్చుకో.

పాలకొల్లు_పరమాణువు
జపాన్‌లోనే ఒకినావాలో ఓఐఎస్‌టీ అనే యూనివర్సిటీ ఉంది, అది అయిదేళ్ల పీహెచ్‌డీ, బ్యాచిలర్స్‌తోనూ అప్లై చేయొచ్చు. డిపార్ట్‌మెంట్లు లేవు, మొదటి ఏడాది మూడు ల్యాబ్‌లు తిరిగి చూసి ఒకటి ఎంచుకుంటారు. పోటీ మాత్రం చాలా ఎక్కువ. కుర్రోడా, దానికంటే ముందు వాళ్ల ఇంటర్న్‌షిప్ చూడు, టికెట్, వసతి వాళ్లే ఇస్తారు. మన దేశంలోనే కావాలంటే జామ్ (ఐఐటీలు పెట్టే ఎమ్మెస్సీ ఎంట్రన్స్) రాసి బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ, అదీ బీఎస్సీ తర్వాతే.

కొత్తపేట_అక్క
రాజోలు అమ్మాయీ, నేను పీహెచ్‌డీ మధ్యలో మానేసినదాన్ని, అందుకే రాస్తున్నాను. ఏ దేశం, ఏ ఇన్‌స్టిట్యూట్ అన్నది చెప్పను. పేరున్న చోటే. చేరినప్పుడు గైడ్ చాలా బాగా మాట్లాడారు. క్రయోస్టాట్ (శాంపిల్‌ని అతి చల్లగా ఉంచే పరికరం) వస్తోంది, ఆర్డర్ పెట్టాం అన్నారు. ఆ క్రయోస్టాట్ కోసం ఎదురుచూస్తూ నా వయసు గడిచింది. వచ్చాక హీలియం కొనడానికి డబ్బు లేదన్నారు. ప్రాజెక్టు గ్రాంట్ అయిపోయింది, కొత్తది రాలేదు. నాతో చేరిన థియరీ పిల్లలు పేపర్లు రాసుకుంటూ ముందుకెళ్లిపోతుంటే నేను పాత వాక్యూమ్ పంప్‌కి నూనె మారుస్తూ కూర్చున్నాను. అందులో నా చేతకానితనం ఏమీ లేదని నాకు ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియక చాలా ఏడ్చాను.
అందుకే నీకు దేశం గురించి చెప్పను, నాలుగు విషయాలు అడగమంటాను. హీలియం లిక్విఫైయర్, అంటే ఆ వాయువుని ద్రవంగా మార్చే యంత్రం, క్యాంపస్‌లో ఉందా, ఆవిరైన హీలియాన్ని తిరిగి పట్టుకునే ఏర్పాటు ఉందా? నువ్వు వాడబోయే పరికరం ఇవాళ పనిచేస్తోందా, లేక వస్తుందా? "వస్తుంది" అంటే లేదనే అనుకో. గైడ్ దగ్గర గత అయిదేళ్లలో చేరినవాళ్లు ఎంతమంది, పూర్తిచేసినవాళ్లు ఎంతమంది, మిగతావాళ్లు ఎక్కడ? ఇది గైడ్‌ని కాదు, అక్కడ చదువుతున్నవాళ్లని అడగాలి, అదీ మెయిల్‌లో కాదు, ఫోన్‌లో. మెయిల్‌లో ఎవరూ నిజం రాయరు. జవాబు చెప్పే ముందు అవతలివాళ్లు కాసేపు ఆగితే, అదే నీకు జవాబు.

కొలాబా_నుంచి
అక్కా, మీరు రాసిన ప్రతి అక్షరం నిజం. ద్రవ హీలియం లేకపోతే ఈ సబ్జెక్టులో ల్యాబ్ ఉన్నా లేనట్టే. ఆ వాయువు మన దేశం దిగుమతి చేసుకోవాల్సిందే, ధర పెరిగితే మొదట ఆగిపోయేది చిన్న ల్యాబ్‌ల పని.

ధవళేశ్వరం_లాకులు
కాలవకి నీళ్లు వదలకుండా నారు పోయమన్నట్టుంది అక్క కథ. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.

భీమవరం_బాబి
ఒక సలహా. ఇప్పుడు ముంబైకి ఒప్పుకుంటున్నానని చెప్పేసి, జూన్‌లో జపాన్ వస్తే మానేయొచ్చు కదా. అందరూ అదే చేస్తారు.

నర్సాపురం_లేసు
అందరూ చేస్తే మంచిదైపోతుందా? వెయిటింగ్ లిస్ట్‌లో ఇలాంటి ఇంకో అమ్మాయి ఉంటుంది. వాళ్ల ఊళ్లో వాళ్లమ్మా ఇలాగే ఎదురుచూస్తూ ఉంటుంది.

పాలకొల్లు_పరమాణువు
లేసు గారూ, మాట బాగుంది గానీ చేతిలో సీటు వదిలేసి జూన్‌లో మెక్స్ట్ రాకపోతే ఈ అమ్మాయికి ఏడాది పోతుంది. స్థోమత ఉన్నవాళ్లకి ఏడాది పోయినా పర్వాలేదు, కొబ్బరి మీద బతికే ఇంట్లో ఏడాది అంటే పెళ్లి సంబంధాలు మొదలైపోతాయి. ఒప్పుకోవడమే న్యాయం, జూన్‌లో మనసు మారితే ఆ రోజే చెప్పేయాలి.

కొలాబా_నుంచి
ఇద్దరూ ఒక పని మర్చిపోతున్నారు. గ్రాడ్యుయేట్ ఆఫీసుకి ఉన్నది ఉన్నట్టు రాసి గడువు అడగొచ్చు. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదంటారు. అడిగినందుకు సీటు తీసేయరు.

కొత్తపేట_అక్క
ముందు ఫోన్లు చెయ్యి. గడువు సంగతి తర్వాత.

రాజోలు_అమ్మాయి
చేశాను. రెండు చోట్లా మాట్లాడాను.
కషివాలో చదువుతున్న బెంగాలీ అక్క ఒకావిడ వీడియో కాల్‌లో ల్యాబ్ కూడా చూపించింది. హీలియం విషయంలో ఏ లోటూ లేదు, వాడిన వాయువు పైపుల్లో వెనక్కి వెళ్లిపోతుంది, పరికరాలన్నీ పనిచేస్తున్నాయి. నాకైతే ఆ క్షణంలో అక్కడికే వెళ్లిపోవాలనిపించింది. తర్వాత సుకుబా అన్నయ్య చెప్పిన ప్రశ్న అడిగాను. ఆవిడ కాసేపు ఆగింది. ప్రొఫెసర్ గారు ఇంకో మూడేళ్లలో మార్చి నెలాఖరుకి రిటైర్ అవుతారట. రీసెర్చ్ స్టూడెంట్‌గా ఆరు నెలలు, డాక్టరల్ మూడేళ్లు, అంటే నాది పూర్తయ్యేలోపే ల్యాబ్ మూతపడుతుంది. చివరి ఏడాది వేరే ప్రొఫెసర్ దగ్గరికి మారుస్తారు, మంచివాళ్లే చూస్తారు అంది. నాకోసం అబద్ధం చెప్పకుండా ఉన్నందుకు ఆవిడకి చాలా థ్యాంక్స్ చెప్పాను.
ముంబైలో మాట్లాడిన అబ్బాయి ఫస్ట్ ఇయర్ కోర్సులు చాలా కష్టం, సెలవులు మర్చిపో అన్నాడు. కానీ వాళ్ల సీనియర్లు ఎవరెవరు ఎప్పుడు పూర్తిచేశారో తడుముకోకుండా ఒక్కొక్కరి పేరుతో చెప్పాడు.

సుకుబా_తెలుగువాడు
మారడం ఇక్కడ జరుగుతూనే ఉంటుంది, దానివల్ల పీహెచ్‌డీ పోదు. కానీ థీసిస్ రాసే ఏడాదిలో కొత్త ల్యాబ్, కొత్త గైడ్, సగం పరికరాలు వేరేచోటికి. నా చెల్లెలికైతే వద్దనే చెబుతాను. ఇంకో మాట. ఐఎస్ఎస్‌పీ బయటి శాస్త్రవేత్తలు కూడా వచ్చి వాడుకునే చోటు. నువ్వు ముంబైలో ఉండి మంచి శాంపిల్ తయారుచేస్తే, అదే కషివాలో హై ఫీల్డ్ కొలతలకి మీ గైడ్‌తో కలిసి అప్లై చేయొచ్చు.

మండపేట_మావయ్య
అయితే ముంబైయే నయం. పీహెచ్‌డీ అయ్యాక విదేశం వెళ్లొచ్చు కదా?

కొలాబా_నుంచి
పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగానికి, చాలామంది వెళ్తారండి, జపాన్‌కీ వెళ్తారు.

డేజాన్_డైరీ
కైస్ట్ రిజల్ట్ కోసం ఆగకు చెల్లీ. వచ్చినా రాకపోయినా వద్దనుకుంటే వాళ్లకి ఒక లైన్ రాసెయ్యి.

రాజోలు_అమ్మాయి
ముంబైకి ఒప్పుకుంటున్నానని ఇవాళ మెయిల్ పెట్టాను. కషివా ప్రొఫెసర్ గారికి కూడా విషయం చెబుతూ రాశాను, మెక్స్ట్ లిస్ట్‌లో నా బదులు ఇంకొకరికి అవకాశం ఉంటే త్వరగా తెలియాలి కదా. ఆయన వెంటనే జవాబిచ్చారు, కొలతల కోసం ఎప్పుడైనా రమ్మన్నారు. జపాన్ వద్దనుకున్నందుకు బాధ ఉంది, లేదని చెప్పను. నాన్నగారు కొణార్క్ టైమింగ్ అడిగారు.
ఆఖరి సెమిస్టర్ మార్కుల మెమో ఆగస్టుకి చేతికి రాకపోతే ఏం చేయాలి? మా యూనివర్సిటీలో ఆలస్యమవుతుంది అంటున్నారు.

కొలాబా_నుంచి
ఆఫీసుకి ఇప్పుడే రాసి, ఏ తేదీలోపు ఏ కాగితం కావాలో మెయిల్‌లోనే చెప్పించుకో. పరీక్షలన్నీ రాశానని మీ హెడ్ దగ్గర లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకుని వెంట ఉంచుకో. ప్రొవిజనల్ వచ్చాక ఇవ్వొచ్చా అని కూడా అందులోనే అడుగు. పాత మెమోలన్నీ ఒరిజినల్స్ తెచ్చుకో, జిరాక్సులు అయిదారు సెట్లు.

కాకినాడ_కుర్రోడు
అక్కా కంగ్రాట్స్. జామ్ అప్లికేషన్ ఎప్పుడు మొదలవుతుంది, ఎవరైనా చెప్పండి.

పాలకొల్లు_పరమాణువు
మామూలుగా సెప్టెంబర్‌లో తెరుస్తారు, పరీక్ష ఫిబ్రవరిలో. నువ్వు ఇప్పుడు రెండో ఏడు కాబట్టి వచ్చే సెప్టెంబర్‌కి థర్డ్ ఇయర్‌లో ఉంటావు, అప్పుడే అప్లై చేయొచ్చు. ఈలోగా పాత పేపర్లు వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి, మెకానిక్స్‌తో మొదలుపెట్టు, రానివి ఇక్కడే పెట్టు, చూద్దాం.